గేటు మీదికి ఏది, కుండీలోకి ఏది: కాగితం పూల మొక్క కొనేముందు

కాగితం పూల మొక్క కొందామని వెళ్లినవాళ్లలో చాలామంది రంగు చూసి కొనేస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నర్సరీలో కుండీలన్నీ విరగబూసి ఉంటే ఎవరి చూపైనా రంగు మీదే ఆగుతుంది. తీరా ఇంటికి తెచ్చాక ఏడాది తిరిగేసరికి ఆ మొక్క ఒక్క పువ్వూ లేకుండా ఆకులతో గోడెక్కుతుంది. లేదా గేటు పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ల చీర కొంగులు పట్టి లాగుతుంది. ఇందులో మొక్క తప్పేమీ లేదు. బోగన్‌విల్లా అనే ఒక్క పేరు మీద అమ్మే మొక్కల్లో ఒకటి ముప్ఫై అడుగులు పాకేది, ఇంకొకటి కుండీలోనే ఏళ్ల తరబడి ఒదిగి ఉండేది. అందుకని ముందు చోటు చూసుకోవాలి, తర్వాత ఎండ, ఆ తర్వాత కత్తెర పట్టే ఓపిక ఇంట్లో ఎవరికుందో చూసుకోవాలి. రంగు సంగతి ఆఖర్న. ఈ మూడూ తేల్చుకున్నాక కూడా రంగుల్లో కావలసినంత ఎంపిక మిగిలే ఉంటుంది.

ముందు ఎండ లెక్క

రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగలని చోట ఏ రకం పెట్టినా సరిగ్గా పూయదు. వెలుతురు బాగానే వస్తోంది కదా అనుకుంటే సరిపోదు, ఎండ ఆకు మీద పడాలి. దక్షిణం, పడమర వైపు చోటుంటే ఆలోచించనక్కర్లేదు. తూర్పు వైపు బాల్కనీలో ఎదురుగా వేరే భవనం అడ్డం లేకపోతే పొద్దుటి ఎండతో ఓ మోస్తరుగా పూస్తుంది. ఉత్తరం బాల్కనీలో మాత్రం వద్దు. ఈ మొక్క బాగా పూసేది సంక్రాంతి నుంచి మే దాకా. అందులో మొదటి రెండు మూడు నెలలు సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఆ బాల్కనీకి ఎండ చుక్క కూడా రాదు.

అపార్ట్‌మెంట్‌లో అలాంటి చోటే ఉంటే వేరే తీగ చూసుకోవడం మేలు. సగం పూట ఎండ వచ్చే చోట రాధామనోహరం హాయిగా పూస్తుంది. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకు, ఆ తర్వాత ఎరుపుకు తిరుగుతుంది, పైగా సువాసన. కాగితం పూలకు వాసన ఉండదు. పసుపు రంగు అల్లమండ కూడా అందమైనదే కానీ దానికీ ఎండ కావాలి, నీళ్లు మాత్రం బోగన్‌విల్లా కంటే ఎక్కువ అడుగుతుంది. పాలు కారుతుంది, ఆ పాలు, ఆకులు కడుపులోకి వెళ్తే మంచివి కావు కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో చూసుకోవాలి. అసలు ఎండే లేని చోట పూల మీద ఆశ వదులుకుని మనీప్లాంట్ పాకించుకోండి. నర్సరీవాళ్లు "నీడలో కూడా పూస్తుందండీ" అని చెప్తే ఆ మాట నమ్మొద్దు.

మూడు కుటుంబాలు

నర్సరీల్లో కనిపించే రకాలన్నీ దాదాపుగా మూడు మూలాల నుంచి వచ్చినవే. వీటి తేడా తెలిస్తే పేరు చీటీ లేకపోయినా ఆకు, ముల్లు చూసి మొక్క స్వభావం పోల్చుకోవచ్చు.

మొదటిది స్పెక్టాబిలిస్. ఆకు పెద్దది, చేత్తో తడిమితే నూగు తగులుతుంది. ముల్లు లావుగా, కొక్కెంలా వంగి ఉంటుంది. పాత బంగళాల మీద, కాలేజీల ప్రహరీల మీద కప్పు దాకా ఎక్కి ముదురు ఊదా రంగులో కనిపించేవాటిలో చాలా భాగం ఇవే. దీని సొంతూరు దక్షిణ అమెరికా. ఫ్రెంచి నౌకాధికారి బోగన్‌విల్ ప్రపంచ యాత్రలో వెంట వెళ్లిన వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్‌సన్ 1767లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో దగ్గర ఈ మొక్కను సేకరించి, దానికి తమ నాయకుడి పేరు పెట్టాడు. ఆయనకు సహాయకుడిగా మగవేషంలో ఓడెక్కిన జాన్ బారే అనే స్త్రీ, భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా చరిత్రలో నిలిచింది. మొక్కలు సేకరించే కష్టంలో ఆమె వాటా చాలా పెద్దది. బోగన్‌విల్లా చరిత్ర చెప్పేవాళ్లు ఆ పేరు కూడా చెప్తే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

పొలం గట్టుకు, ఫామ్‌హౌస్ కంచెకు, వందల అడుగుల ప్రహరీకి స్పెక్టాబిలిస్‌ను మించింది లేదు. పశువులు చొరబడని ముళ్ల కంచె అవుతుంది, ఏడాదికోసారి గట్టిగా నరికినా మళ్లీ లేస్తుంది. కానీ రెండు వందల గజాల ఇంటికి, రోజూ పిల్లలు తిరిగే గేటుకు ఇది సరిపడదు. నీళ్ల ట్యాంకు మీదికి, కరెంటు తీగల మీదికి పాకుతుంది. అంత ఎత్తులో ముళ్ల మధ్య కత్తిరించడం మామూలు మనుషులు చేసే పని కాదు.

రెండోది గ్లాబ్రా. ఆకు చిన్నది, నున్నగా మెరుస్తుంది, ముల్లు చిన్నది. కొమ్మలు సన్నంగా ఉంటాయి కనుక వంచి కట్టుకోవచ్చు. పూత ఒక్కసారికే అయిపోకుండా ఏడాదిలో చాలా నెలలు విడతలు విడతలుగా వస్తుంది. ఊదా రంగు శాండరియానా, లేత ఊదా ఫార్మోసా ఈ కోవలోవే. కుండీకి, మేడ మీద తోటకు, బోన్సాయ్‌కి, గేటు మీద చిన్న ఆర్చ్‌కి మొదటి మొక్కగా నేను ఎవరికైనా చెప్పేది గ్లాబ్రానే. ఊదా రంగు ఊరంతా ఉందని కొందరు ముఖం తిప్పుకుంటారు. ఊరంతా ఉన్నదంటే మన ఎండకు, మన నీటి ఎద్దడికి తట్టుకుందనే కదా.

మూడోది బుట్టియానా. ఇది గ్లాబ్రాకు, పెరువియానా అనే మరో బోగన్‌విల్లా జాతికి కలయికలో పుట్టిన సంకరం. 1910లో మిసెస్ బట్ అనే ఆమె కొలంబియాలోని కార్టజెనా నుంచి ట్రినిడాడ్‌కు తెచ్చిన సిందూరపు ఎరుపు మొక్కతో దీని కథ మొదలైంది. ఇప్పుడు మనం చూసే ఎరుపులు, నారింజలు, బంగారు పసుపుల్లో చాలావరకు దీని సంతానమే. ఆకు వెడల్పుగా, హృదయాకారంలో ఉంటుంది, కొమ్మ కాస్త లావు. గ్లాబ్రా అంత తరచుగా పూయదు కానీ పూసినప్పుడు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. పసుపు కావాలంటే లేడీ మేరీ బేరింగ్, నారింజ కావాలంటే లూయిస్ వాథెన్ అడగండి. నారింజ రకాలు కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: విచ్చిన కొత్తలో ఉన్న రంగు ఆఖరిదాకా ఉండదు. రేకు ముదిరేకొద్దీ గులాబీ వైపు తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద రెండు ఛాయలు కనిపించడం కొందరికి ఎంతో ఇష్టం. ఒకే రంగు గట్టిగా నిలవాలనుకునేవాళ్లకు ఊదా, ముదురు ఎరుపు రకాలు మేలు.

ఒంటి రేకా, ముద్ద పూవా?

నర్సరీలో అసలైన తికమక ఇక్కడే వస్తుంది. దీనికి ముందు ఒక గుత్తిని దగ్గరగా పట్టుకుని చూడాలి. మనం పువ్వు అనుకునే మూడు రంగు రేకులూ నిజానికి ఆకులే. ఒక్కో రేకు లోపలివైపు నడి ఈనెకు అంటుకుని సన్నటి గొట్టం లాంటిది ఉంటుంది, దాని చివర తెల్లగా లేదా మీగడ రంగులో చిన్న నక్షత్రంలా విచ్చుకునేదే అసలు పువ్వు. మూడు రేకులకు మూడు పూలు. రేకును వెలుతురుకు ఎదురు పెడితే మామూలు ఆకులో ఉన్నట్టే ఈనెల వల కనిపిస్తుంది. బీట్‌రూట్‌లో, ఎర్ర తోటకూరలో ఉండే జాతి రంగు పదార్థాలే దీనిలోనూ ఉంటాయి.

ముద్ద రకాల్లో ఆ అసలు పువ్వు బయటికి కనిపించదు. దాని బదులు రేకుల మీద రేకులు వచ్చి గుత్తి బంతిలా నిండుతుంది. మహారా అనే ఎరుపు కలిసిన ఊదా రకం, గులాబీ రంగు లాస్ బానోస్ బ్యూటీ, తెలుపు అంచున గులాబీ ఉండే చెర్రీ బ్లాసమ్ ఇలాంటివి. ఫొటోలో ఇంతకంటే అందమైన మొక్క ఉండదు, కొమ్మ బరువుకు వంగిపోతుంది.

తేడా వాడిపోయే సమయంలో తెలుస్తుంది. ఒంటి రేకు రకం పూత అయిపోగానే రేకులు ఎండి రాలిపోతాయి. వాకిలంతా కాగితం ముక్కలు పరుచుకుంటాయి, గాలికి పక్కింట్లోకి, డ్రైనేజీ జాలీలోకి కూడా వెళ్తాయి. రోజూ ఊడవాలి, కానీ మొక్క శుభ్రంగా ఉంటుంది. ముద్ద రకంలో రేకులు అంత తేలిగ్గా రాలవు. వెలిసిపోయి, గోధుమరంగుకు తిరిగి వారాల తరబడి కొమ్మకే వేలాడుతుంటాయి. వానపడితే తడిసి ముద్దయి మరీ అసహ్యంగా కనిపిస్తాయి. గుత్తి గుత్తినీ కత్తిరించి తీయాలి. కుండీలో చేతికందే ఎత్తులో ఉన్న మొక్కకు ఇది పది నిమిషాల పని. పన్నెండడుగుల ఆర్చ్ మీదికి పాకిన మొక్కకు నిచ్చెన వెయ్యాలి.

నేనైతే ఇలా చెప్తాను. ముద్ద పూలు కావాలంటే కుండీలో పెట్టుకోండి, ఎదురుగా, చేతికి అందేలా. గోడ మీదికి, ఆర్చ్ మీదికి, మేడ పిట్టగోడ మీద నుంచి కిందికి జారేలా వదలడానికి ఒంటి రేకు రకమే తీసుకోండి. కింద బావి, తెరిచి ఉంచే సంపు, కారు నిలిపే చోటు ఉంటే మాత్రం రాలే రేకుల సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఒకే చెట్టుకు రెండు రంగులు

ఇది రెండు విధాలుగా దొరుకుతుంది, రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది మేరీ పామర్. మిసెస్ బట్ మొక్క మీద కలకత్తాలో దానంతటదే పుట్టిన కొత్త కొమ్మ నుంచి వచ్చిన రకం ఇది. ఒకే కొమ్మ మీద ఒక గుత్తి తెలుపు, పక్క గుత్తి గులాబీ ఊదా, ఒక్కోసారి ఒకే గుత్తిలో రెండు రంగులూ పూస్తాయి. దీని నుంచే తిమ్మ వచ్చింది. పూలు అలాగే రెండు రంగులు, ఆకు మధ్యలో మాత్రం పసుపు మచ్చ ఉంటుంది. పూత లేని నెలల్లో కూడా చూడటానికి బాగుంటుంది కాబట్టి ముంగిట్లో పెట్టడానికి తిమ్మ నాకు చాలా ఇష్టమైన మొక్క. పూర్తి తెలుపు కావాలనుకునేవాళ్లు అడగాల్సిన శుభ్ర కూడా మేరీ పామర్ సంతానమే. మచ్చల ఆకు రకాలు ఏవైనా పచ్చ ఆకు రకాల కంటే నిదానంగా పెరుగుతాయి, ఎందుకంటే ఆకులో పచ్చదనం తక్కువ. వాటి మీద అప్పుడప్పుడు పూర్తి పచ్చటి కొమ్మ ఒకటి లేస్తుంది. ముచ్చటపడి దాన్ని ఉంచితే బలంగా పెరిగి మిగతా మొక్కను మింగేస్తుంది. కనిపించిన రోజే మొదలు దాకా కత్తిరించెయ్యాలి.

రెండోది అంటు కట్టిన మొక్క. ఒక లావు మొద్దు మీద మూడు నాలుగు రకాల కొమ్మలు అంటించి "ఫైవ్ కలర్" అనీ "మల్టీ కలర్" అనీ అమ్ముతారు. నర్సరీలో నిలబెట్టినప్పుడు అన్ని రంగులూ సమానంగా పూసి కళ్లు జిగేల్మంటాయి. ఇంటికొచ్చాక బలమైన రకం ముందుకు దూకుతుంది, సాధారణంగా అది ఊదానే. పసుపు, తెలుపు కొమ్మలు కొన్నాళ్లకు ఎండిపోతాయి. దీన్ని నిలబెట్టుకోవాలంటే ప్రతి విడత పూత తర్వాత బలమైన కొమ్మను ఎక్కువ, బలహీనమైనదాన్ని తక్కువ కత్తిరిస్తూ ఉండాలి. అంటు కింద మొద్దు నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లకు ఇది గొప్ప మొక్క. లేనివాళ్లకు మేరీ పామరే సుఖం.

మన దేశంలో ఈ రకాల వెనక చాలా పెద్ద కృషి ఉంది. బోగన్‌విల్లా కొత్త రకాలకు ప్రపంచం మొత్తానికీ పేర్లు నమోదు చేసే బాధ్యత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థదే. గోధుమ పరిశోధనలో పేరు పొందిన బి.పి. పాల్ గులాబీలతో పాటు వీటిని కూడా ప్రేమగా సంకరపరిచారు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలోనూ ఎన్నో రకాలు వచ్చాయి. కాబట్టి "థాయ్ వెరైటీ, ఇంపోర్టెడ్" అని చెప్పగానే మనదానికంటే గొప్పదని అనుకోనక్కర్లేదు. శుభ్ర, తిమ్మ లాంటివి మన వాతావరణంలోనే పుట్టి పెరిగినవి.

కుండీలోనా, నేలలోనా

నేలలో పెట్టిన మొక్క బలంగా, ఎత్తుగా పెరుగుతుంది, వేరు దిగాక నీళ్ల బెంగ ఉండదు. కుండీలో పెట్టినది తక్కువ పెరిగి ఎక్కువ పూస్తుంది, వేళ్లకు చోటు ఇరుకైతే దీనికి పూత మీదికి మనసు పోతుంది. పూలే ముఖ్యమైతే సొంత ఇల్లున్నవాళ్లకు కూడా కుండీనే చెప్తాను. పన్నెండు నుంచి పద్నాలుగు అంగుళాల మట్టి కుండీ మొదట్లో చాలు. మొక్క చిన్నగా ఉండగానే పెద్ద డ్రమ్ములో పెడితే ఆకులే వస్తాయి.

ఎర్రనేల ఉన్న ఊళ్లలో గుంత తీసి పెట్టేస్తే చాలు. నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త. వానాకాలంలో ఆ మట్టి నీళ్లు పట్టి ఉంచుతుంది, దీని వేళ్లు సన్నవి, కుళ్లిపోతాయి. అడుగు, అడుగున్నర ఎత్తు ఎర్రమట్టి గట్టు పోసి దాని మీద నాటాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి చాలా పూల మొక్కలు మాడిపోతుంటే ఇది నిలబడుతుంది. నేల నీళ్లు నిలవకుండా ఉండటమే అక్కడ కూడా షరతు.

నీళ్ల దగ్గర ప్రేమ తగ్గించుకోవాలి. కుండీలో వేలు రెండు కణుపుల లోతు దాకా దింపి చూడండి, తడి తగిలితే ఆ రోజు వద్దు. చిగుర్లు కాస్త తలలు వాల్చిన తర్వాత నిండుగా పోస్తే, ఇలా రెండు మూడు సార్లు ఎండగట్టేసరికి మొగ్గ తొడుగుతుంది. పూత మొదలయ్యాక మాత్రం అంత ఎండగట్టకండి, రేకులు రాలిపోతాయి. యూరియా వేస్తే ఆకు ఏపుగా వచ్చి పూత వెనక్కి పోతుంది. పశువుల ఎరువు, కొంచెం వేపపిండి, పూతకు ముందు పొటాష్ చాలు. లాన్‌లో స్ప్రింక్లర్ కింద, లేదా రోజూ తడి అడిగే మందార, మల్లెలతో ఒకే డ్రిప్ లైన్ మీద దీన్ని పెట్టడం నాకు అస్సలు నచ్చదు. వాటికి సరిపోయిన నీళ్లు దీనికి ఎక్కువే.

కత్తెర గురించి రెండు ముక్కలు. పూలు కొత్త చిగురు మీదే వస్తాయి. మే ఆఖర్న వేసవి పూత అయిపోగానే గట్టిగా, సెప్టెంబరు, అక్టోబరుల్లో తేలిగ్గా కత్తిరిస్తే సంక్రాంతికి మొగ్గ కనిపిస్తుంది. కత్తిరించాక సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూత వస్తుంది కనుక ఇంట్లో పెళ్లి ఉంటే ఆ లెక్కన వెనక్కి తేదీ చూసుకోవచ్చు. తోలు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ముల్లు గీరితే కొందరికి చర్మం మంట, దద్దు వస్తుంది.

మరి మీకు ఏది?

ప్రహరీ పొడవుగా ఉండి, మనుషులు రాసుకుంటూ నడిచే దారి కాకపోతే స్పెక్టాబిలిస్. మామూలు ఇంటి గేటు ఆర్చ్‌కి గ్లాబ్రా ఊదా, కాదంటే మేరీ పామర్. మేడ మీద, బాల్కనీలో కుండీకి శాండరియానా లేదా తిమ్మ. రోజూ మొక్కల మధ్య గడిపే అలవాటున్నవాళ్లకు ముద్ద రకాలు, అంటు మొక్కలు. ఇల్లు అద్దెదైతే కుండీ తప్ప మరో మాటే లేదు, ఎందుకంటే నేలలో వేళ్లూనిన బోగన్‌విల్లాను పెకలించి తీసుకెళ్తే బతకడం కష్టం. పాకే పిల్లలున్న ఇంట్లో ఏ రకమైనా ముల్లు ఉంటుంది కనుక ఎత్తు దిమ్మె మీద పెట్టాలి, లేదా కొన్నేళ్లు ఆగాలి.

కొనడానికి రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక వైపు వెళ్లగలిగితే అంతకంటే మంచి చోటు లేదు. అక్కడ ఒకే రకం మొక్కలు వరసలు వరసలుగా ఉంటాయి, ఆకుతో ఆకు, ముల్లుతో ముల్లు పోల్చి చూసుకోవచ్చు. ఊళ్లోని నర్సరీలో కొన్నా సరే, పూసి ఉన్నప్పుడే కొనండి. పూత లేనప్పుడు చీటీ మీది రంగును నమ్మి కొంటే ఇంటికెళ్లాక ఇంకేదో పూస్తుంది. నిండా విచ్చినదాని కంటే సగం మొగ్గ మీద ఉన్నదాన్ని ఎంచుకోండి. మొదలు పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. మట్టితో సహా కదిలితే వేరు పట్టినట్టు, మొక్క ఒక్కటే ఊగితే నిన్నో మొన్నో కవరు మార్చినట్టు. ఆకు అడుగున, కొమ్మ కణుపుల్లో తెల్లటి పిండినల్లి ఉందేమో తిప్పి చూడాలి. అంటు మొక్కైతే అతుకు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ ఇంకా బిగుసుకుని ఉందేమో చూసి, ఉంటే అక్కడే విప్పించుకోండి.

తెచ్చిన రోజే కుండీ మార్చొద్దు. దారిలో గాలికి, చోటు మారినందుకు సగం రేకులు రాలిపోతాయి, అది మామూలే. వారం పది రోజులు ఎండలో అలాగే ఉంచి, ఆ తర్వాత కవరును చుట్టూ కోసి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టి ముద్ద చెదరకుండా దించండి. మట్టి విదిల్చి వేళ్లు సర్ది నాటడం వేరే మొక్కలకు చెల్లుతుందేమో గానీ దీనికి పనికిరాదు. నాటాక ఒకసారి నిండుగా నీళ్లు పోసి, కొత్త చిగురు కనిపించే దాకా ఎరువు జోలికి వెళ్లకండి.